ఒక కన్ను, ఒక గుమ్మడికాయ

మెదక్,
సెప్టెంబర్ 9.

మహారాజశ్రీ జకరయ్య మామ గారి సముఖమునకు,

తమరు తాళంచెవి చేతిలో పెట్టి వెళ్ళిపోయిన నిస్సి ఫోటో స్టూడియోకు ప్రస్తుత యజమాని, తమ పూర్వ శిష్యుడు, ఎలిశిబా అత్తకు ఏకైక మేనల్లుడు అయిన గిడియోన్ వందనాలతో చేసుకున్న విన్నపం.

మెదక్ నుంచి రామాయంపేటకు బస్సెక్కితే గంటలోపు దిగుతాం. అయినా ఉత్తరమే ఎందుకు రాస్తున్నానంటే, స్టూడియో మూసి రాలేను, ఫోను చేద్దామంటే నాయనమ్మ, అంటే తమ అత్తగారు, పొద్దంతా స్టూడియోలో కుర్చీ వేసుకునే ఉంటుంది. ఫోనులో మీ గొంతు వినబడిందంటే చాలు, కొంగు తల మీదికి లాక్కుని లేచి లోపలికి వెళ్ళిపోతుంది. వాట్సాప్ చేద్దామంటే మీది బటన్ల ఫోను. అత్త ఫోనుకు పంపితే ముందు అత్త చదువుతుంది, తరువాత మీ జిరాక్సు షాపుకు వచ్చినవాళ్ళంతా వింటారు, మీ వంతు ఆఖరున వస్తుంది. కాబట్టి పోస్టు డబ్బాయే గతి.

ఇక విషయం. మన చర్చి స్త్రీల సమాజం హాలులో పాత కార్యదర్శుల ఫోటోలు వరసగా వేలాడుతున్నాయి కదా. ఇరవై రెండేళ్ళు ఆ పని చేసిన నాయనమ్మ ఫోటో కూడా డిసెంబర్ రెండో ఆదివారం పెడతారట. సమాజం తరఫున నవోమి టీచర్ వచ్చి ఫోటో అడిగింది. ఇనుప పెట్టెతో సహా ఇల్లంతా గాలించాం. తేలిందేమంటే, సువార్తమ్మ గారు కళ్ళు తెరిచి ఉన్న ఫోటో ఈ భూమి మీద లేదు. పెళ్ళిళ్ళలో మూసుకుంది. క్రిస్మస్‌లలో మూసుకుంది. నన్ను మొదటిసారి ఒళ్ళో పెట్టుకున్నప్పుడు కూడా మూసుకుంది, అది మాత్రం నేను అర్థం చేసుకోగలను. ఆధార్ కార్డులో కళ్ళు తెరిచే ఉన్నాయి. అక్కడ ఫ్లాష్ లేదు కాబట్టి కళ్ళున్నాయి. కానీ ముఖం లేదు, మసి ఉంది.

మీరు తీసినవాటిలో ఒక్కదానిలో కళ్ళు తెరిచి ఉన్నాయి. తాతయ్య రిటైర్మెంటు రోజు ఇద్దరినీ కలిపి తీసిన ఫోటో. ఆ కళ్ళు మీరు కుంచెతో వేసినవి. ఒకటి చేగుంట వైపు చూస్తుంది, రెండోది కౌడిపల్లి వైపు. పోయినేడు తాతయ్య జ్ఞాపకార్థ కూడికలో ఫ్లెక్సీ మీద ఎక్కింది కూడా అదే.

నవోమి టీచర్ అంది కదా, "ఫికర్ జేయకుర్రి, ఆ ఫ్లెక్సీల ఫోటోనే జర పెద్దగ చేసి పెడదాం" అని. 'జర' అంటే ఎంతో చేతులు చాపి చూపించింది. తలుపంత చూపించింది.

నాకు నవ్వొచ్చింది, ఆ తరువాత భయమేసింది. మీకు మొదటిది రాదని, రెండోది తప్పక వస్తుందని తెలిసే రాస్తున్నాను. అందరూ ఒప్పుకున్న సంగతి ఏమంటే నేరం ఫ్లాష్‌ది. అందుకని ఆఫ్ కెమెరా ఫ్లాష్ పద్ధతికి మారుతున్నాను. ఫ్లాష్, స్టాండు, తెల్ల గొడుగు, దూరం నుంచి వెలిగించే ట్రిగ్గరు అన్నీ వచ్చాయి. గొడుగు విప్పగానే నాయనమ్మ, "వాన బయట పడ్తది గద బిడ్డా, లోపలెందుకు విప్పినవ్?" అంది.

సలహాలు ప్రసాదించగలరు.

ఇట్లు,
గొడుగు కింద
గిడియోన్

*

రామాయంపేట,
సెప్టెంబర్ 17.

గిడియోనుకు,

నీ ఉత్తరం చూస్తె తహసీల్ ఆఫీసుల ఇచ్చే అర్జీ లెక్క ఉంది. డిగ్రీ చదివితె గిట్లనే అయితదా?

ఆఫ్ కెమెరా ఫ్లాష్ అని రాసినవు. కెమెరా ఆఫ్ చేసి ఫ్లాష్ కొడితె ఫోటో ఏడికెల్లి వస్తది రా? నలభై ఏండ్లు నేను కెమెరా ఆన్ చేసే తీసిన. రెండు దినాలు సమజ్ కాలే. మీ అత్త ఎవల్నో అడిగి చెప్పింది, ఆఫ్ అంటె ఫ్లాష్‌ను కెమెరా మీదికెల్లి తీసి పక్కన పెట్టుడట. గంతేనా? గా పని నేను ఎన్నడో చేసిన. పొడుగు వైరు కట్టి ఫ్లాష్ మీ అత్త చేతికిచ్చి నిలబెట్టేది. అప్పట్ల దానికి పేరు లేకుండె. "ఎలిశిబా, జర పైకి లేపు" అనుడే దాని పేరు.

సరే విను. కెమెరా మీద ఫ్లాష్ ఉంటె వెలుగు సీదా కండ్లల్ల కొడతది. నువ్వు దాన్ని పక్కకు తీసుకపో. మనిషి తలకాయ కన్న మూరెడు పైన పెట్టు, జర కిందికి వంచు. గొడుగు దగ్గరికి తెస్తె వెలుగు మెత్తగ పడ్తది. దూరం పెడితె ముడతలన్ని గీత గీసినట్టు కనవడ్తయి, ముసలామె నిన్ను ఇడిచిపెట్టది. దగ్గరికి తెచ్చినంక పవర్ తగ్గించు, లేకపోతె మొఖం సున్నం కొట్టినట్టయితది. చీకటి పడ్డ చెంప దిక్కు తెల్ల దుప్పటి కట్టు.

ఇగ ఫ్లెక్సీ మాట. ఆ దినం కూడికల నేను ఫ్లెక్సీ పక్కన నిలబడ్డ. ఆమె వచ్చింది, ఫ్లెక్సీ చూసింది, నన్ను చూసింది, కొంగు కప్పుకొని మర్లి పోయింది. అల్లుని ముందల అత్త కొంగు కప్పుకొనుడు పెద్దల పద్ధతే. ముప్పై అయిదేండ్లాయె, ఆమె నాతోని సీదా ఒక్క మాట మాట్లాడలే, అది గూడ పద్ధతే అనుకున్న. గని నిండు కూడికల నుంచి మర్లి పోతె అది పద్ధతి కాదు, నా పని మీద తీర్పు. ఇగ ఆ ఊర్ల ఫోటో తీస్తె ఏమున్నది, తీయకపోతె ఏమున్నది? గందుకే తాళంచెవి నీకిచ్చి వచ్చిన. ఈడ పాస్‌పోర్టు సైజులు తీస్తున్న, జిరాక్సులు తీస్తున్న. జిరాక్సుకు కండ్లు మూసేటోళ్ళు ఎవరు లేరు.

ఆ ఫోటో తలుపంత కావద్దు. ఏం చేస్తవో చెయ్యి.

జకరయ్య

*

మెదక్,
అక్టోబర్ 4.

మహారాజశ్రీ మామ గారికి,

మొదటి యుద్ధం ముగిసింది. నష్టాల వివరాలు ఇందుమూలంగా నివేదిస్తున్నాను.

నాయనమ్మ పట్టంచు తెల్లచీర కట్టుకుని, ముఖానికి పౌడరు రాసుకుని, కోర్టులో సాక్షిలా కూర్చుంది. గొడుగు ఎడమ పక్క, మూరెడు పైన. మూర ఎవరిదన్నది మీరు రాయలేదు కాబట్టి నాయనమ్మదే వాడాను. కుడి పక్క దుప్పటి. గట్టిగా "స్తోత్రం!" అన్నాను, కొట్టాను. వెలుగు వెన్నలా పడింది. ముడతలు కూడా మర్యాదగా కనిపించాయి. కళ్ళు మూసి ఉన్నాయి.

అప్పుడు నా విద్య అక్కరకు వచ్చింది. ఈ ఫ్లాష్‌ను ఆటోమేటిక్‌లో పెడితే అసలు వెలుగుకు ముందు చిన్న వెలుగొకటి పంపి చీకటి ఎంతుందో చూసుకుంటుంది. చురుకైన మనుషులు ఆ చిన్నదానికే కళ్ళు మూస్తారు, పెద్దది వచ్చేసరికి మూతలో దొరుకుతారు. దొంగ దొరికాడనుకున్నాను. ఆటోమేటిక్ తీసేసి పవర్ చేత్తో పెట్టాను. "స్తోత్రం!" కళ్ళు మూసి ఉన్నాయి. గొడుగు తీసేసి ఫ్లాష్‌ను గోడకు తిప్పాను. "స్తోత్రం!" మూసి ఉన్నాయి. దుప్పటి వెనక దాచాను. ఈసారి ఇంకా ప్రశాంతంగా మూసి ఉన్నాయి.

"ఫోటో వచ్చిందా బిడ్డా?" అంది.

"వచ్చింది నాయనమ్మా. నువ్వే రాలేదు," అన్నాను.

మీ సిద్ధాంతాన్ని మాత్రం ఎక్కడా తప్పలేదని మనవి. 'స్మైల్' అంటే పళ్ళు బయటపడతాయి, 'స్తోత్రం' అంటే ఆఖరి సున్నా దగ్గర పెదవులు కలిసి ముఖానికి గౌరవం వస్తుంది అని మీరు నేర్పిన మొదటి పాఠం. మెదక్‌లో సగం ఇళ్ళ గోడల మీద జనం ఆ సున్నా దగ్గరే ఆగిపోయి ఉన్నారు.

నవోమి టీచర్ నిన్న మళ్ళీ వచ్చింది. ఫ్రేము కొలతలు తెచ్చింది. మీ కుంచె పనిని వేలితో తడిమి, "ఈమె ఎటు చూస్తుంది?" అని అడిగింది. జిల్లా మొత్తాన్ని చూస్తోందని చెప్పాను.

ఓడినా లొంగని
గిడియోన్

*

రామాయంపేట,
అక్టోబర్ 13.

గిడియోనుకు,

సీలింగుకు కొట్టి చూడు. వెలుగు పైకెల్లి పడ్తది, కండ్లకు ఎరుక గూడ కాదు. దానికి గూడ మూస్తె ఇగ అది ఫ్లాష్ తప్పు కాదు. నా మీది కోపం. స్టూడియో బోర్డు మీద ఇంక నా పేరే ఉన్నదా? బట్ట కప్పి చూడు.

'స్తోత్రం' మాత్రం ఇడువకు. పళ్ళు బయటపెట్టి గోడకెక్కిన కార్యదర్శిని నేను ఎన్నడు చూడలే.

మీ అత్తకు మోకాళ్ళు నొస్తున్నయి. నాకేం లేదు, మంచిగున్న. నిద్ర పడ్తలేదు, గంతే.

జకరయ్య

*

మెదక్,
నవంబర్ 5.

మామ గారికి,

మహారాజశ్రీ ఈసారి రాయడం లేదు. కారణం ముందుకు పోతే తెలుస్తుంది.

బోర్డు మీద మీ పేరుకు దుప్పటి కప్పాను. ఇద్దరు ముగ్గురు వచ్చి స్టూడియోలో ఎవరైనా పోయారా అని పరామర్శించారు. సీలింగుకు కొట్టాను. కళ్ళు మూసి ఉన్నాయి.

ఇంతలో కోతల పండుగ వచ్చింది. గుమ్మడికాయలు, సొరకాయలు, కోళ్ళు తెచ్చి వేలం పాడే పండుగలో నాయనమ్మ ఏమరుపాటున దొరుకుతుందేమోనని సరంజామా అంతా మోసుకుపోయాను. అక్కడ ట్రిగ్గరు బ్యాటరీ అయిపోయింది. అందుకని స్టాండు మీద ఫ్లాష్‌ను 'స్లేవ్' పద్ధతిలో పెట్టాను. అంటే బానిస. ఎదురుగా ఏ ఫ్లాష్ మెరిసినా ఇదీ మెరుస్తుంది. నా కెమెరా మీది చిన్న ఫ్లాష్‌ను చూసి నాకు సేవ చేస్తుందని లెక్క. కానీ బానిసకు యజమాని ముఖం తెలియదు, మెరుపే తెలుస్తుంది. చేగుంట ఫోటోగ్రాఫర్ తరుణ్ వచ్చాడు, మనిషికి తగ్గ నోరు, నోటికి తగ్గ ఫ్లాష్. వాడు ఒక్కో ఫోటో కొడుతుంటే నా ఫ్లాష్ గొడుగులోంచి వంగి వంగి వాడికి దండం పెట్టింది. నా వంతు వచ్చేసరికి దాని ప్రాణం పోయింది.

సాయంత్రం వాడు ఫోటోలు పంపుతూ, "అన్నా, నీ లైటు మస్తున్నది. నువ్వు గూడ తీసినవా?" అని రాశాడు. దేవుడు వాణ్ణి క్షమించాలి, నాకు కుదరదు.

ఆ ఫోటోల్లో ఒకటి చూడండి మామా. వేలంలో గుమ్మడికాయ గెలిచిన రాజేందర్ పటేల్ దాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు. దాని వెనక నాయనమ్మ. ముఖంలో సగం గుమ్మడికాయ తినేసింది. మిగిలిన సగంలో ఒక కన్ను. తెరిచి ఉంది! రెండు ఫ్లాష్‌లు ఒక్కసారి పేలితే రెప్ప కూడా కొట్టకుండా చూస్తోంది. వాడి మిగతా ఫోటోల్లో వెతికాను. మూలన దొరికిన ప్రతిచోటా కన్ను తెరిచే ఉంది.

వాడికి ఫోన్ చేశాను. "కొట్టేటప్పుడు ఏమన్నవ్ రా?"

"ఏమంట అన్నా? స్మైల్ ప్లీజ్ అన్న."

ఇంటికొచ్చి నాయనమ్మను కూర్చోబెట్టాను. నోరు మెదపకుండా ఫ్లాష్ మీద టెస్టు బటన్ నొక్కాను. సీదాగా, కళ్ళలోకి. కదల్లేదు. "ఏం రా, కరెంటు పోయి వచ్చిందా?" అంది. తరువాత ఫ్లాష్ ఆపేసి, కెమెరా పక్కన పెట్టి, మెల్లగా "స్తోత్రం" అన్నాను.

కళ్ళు మూసుకుంది. చేతులు కూడా జోడించింది.

"నాయనమ్మా! స్తోత్రం అంటే కండ్లెందుకు మూస్తవ్?"

"స్తోత్రం అంటె కండ్లు మూయాలె. సండే స్కూల్ల నీకు ఎన్ని సార్లు గిచ్చి చెప్పిన?"

"ఫోటో కదా!"

"ఫోటో పెద్దదా, స్తోత్రం పెద్దదా?"

"మరి మామకు ఒక్కసారి చెప్పొచ్చు కదా! ముప్పై అయిదేండ్లు!"

"అల్లునితోని అత్త ఎట్ల మాట్లాడ్తది రా? ఆయననే అడుగుతడేమో అని చూసిన. అడగకపాయె. పోనీ తియ్, ఫోటో ఫోటోకు దేవుని తలుస్తుండు, మంచి అల్లుడే దొరికిండు అనుకున్న."

"మరి ఆ కూడికలో ఫ్లెక్సీ చూసి ఎందుకు వెళ్ళిపోయినవ్?"

"ఫ్లెక్సీ ఎవరు చూసిన్రు? కండ్లద్దాలు ఇంట్ల మర్చిపోయిన. ఆ బట్ట పక్కన అల్లుడు నిలబడ్డడు. అల్లుని ముందల కూసుంటనా?"

ఇదీ సంగతి. గొడుగు మడిచి మూలన పెట్టాను. నాతో పాటు దానికీ సిగ్గుగా ఉంది. నా తొడ మీద గిచ్చిన గుర్తు ఇంకా ఉంది మామా. ముందే తెలుసుకోవాల్సినవాణ్ణి నేనే.

గిడియోన్

*

రామాయంపేట,
నవంబర్ 14.

గిడియోనుకు,

నీ ఉత్తరం మూడు సార్లు చదివిన. నాలుగోసారి మీ అత్త గుంజుకొని చదివి మంచం మీద పడి నవ్వింది. ఇంక నవ్వుతనే ఉంది. మోకాళ్ళ నొప్పి పోయిందట.

నలభై ఏండ్ల అనుభవం ఒక్క సున్నాల పాయె.

ఇగ నువ్వు దాచకుండ చెప్పినవు గనక నేను గూడ ఒకటి చెప్త. ఆ రిటైర్మెంటు ఫోటోకు కండ్లు పెట్టాలెనని కుంచె పట్టుకొని కూసున్న. కూసున్నంక తెలిసింది, ఆమె కండ్లు ఎట్లుంటయో నాకు ఎరుకలేదు. నేను ఇంట్లకొస్తె కొంగు. ఫోటోల మూత. అల్లుడు అత్త మొఖంలకు సీదా చూడడు గద, నేను గూడ చూడలే. ఎవర్ని అడుగుత? మీ అత్తను ముందల కూసోబెట్టుకొని, ఆమె కండ్లు చూసి ఈమెకు పెట్టిన. తల్లీబిడ్డలు గద, సరిపోతయి అనుకున్న. ఒక కన్ను మంచిగనే వచ్చింది. రెండోది పెడుతుంటె మీ అత్త పాలు పొంగుతున్నయేమోనని వంటింటి దిక్కు చూసింది. గదే నువ్వు కౌడిపల్లి అంటున్నవు.

ఇది మెదక్‌ల ఎవరికీ చెప్పకు.

ఇగ వేరే మాట ఏదన్న పట్టు. స్మైల్ అనకు, ఆమెకు ముందల రెండే పండ్లున్నయని మీ అత్త చెప్పింది. ఆదివారాలు లెక్కపెట్టుకో. నాలుగే ఉన్నయి.

జకరయ్య

*

మెదక్,
నవంబర్ 25.

మామ గారికి,

ఫోటో జత చేశాను. రెండు అట్టముక్కల మధ్య పెట్టాను, మెల్లగా విప్పండి.

గొడుగు ఎడమ పక్క, దగ్గరగా, మూరెడు పైన. పవర్‌లో నాలుగో వంతు. కుడి పక్క దుప్పటి, అదే, మీ పేరుకు కప్పినది. ఒక్కటే కొట్టాను. రెండోది కొట్టే అవసరం రాలేదు, అవకాశమూ రాలేదు.

నవోమి టీచర్ చూసి, "ఎవరీమె?" అని అడిగింది. చెప్పాక కాసేపు కుర్చీలో కూర్చుంది. ముప్పై ఏళ్ళు పక్కన కూర్చుని ప్రార్థన చేసిన మనిషి మరి. తలుపంత ఫ్రేము అన్నదాన్ని కిటికీ అంతకు దించాను.

ఏం మాట అన్నానన్నది వృత్తి రహస్యం. తమరే నేర్పారు, అన్నీ చెప్పొద్దని.

గిడియోన్

*

రామాయంపేట,
డిసెంబర్ 2.

గిడియోనుకు,

వచ్చింది. షాపు షట్టరు సగం దించి చూసిన.

కంటిల తెల్లగ మెరుస్తున్నది గొడుగే గద? పై మూలకు, ఎడమ దిక్కు. మంచి జాగల పెట్టినవు. గా మెరుపు లేకపోతె కన్ను తెరిచినా సచ్చినట్టే ఉంటది. చెంప మీద నీడ గూడ మెత్తగుంది. తప్పు పట్టుదామని రెండు దినాలు చూసిన. దొరకలే.

మీ అత్త కండ్లు కావు రా అవి. కొంచెం గూడ కావు. నీ కండ్లు. ఇంతింత పెద్దయి, అల్లరి కండ్లు. నిన్ను ముందల కూసోబెట్టుకున్నా అయిపోతుండె, గని నువ్వు అప్పటికి పుట్టలేదు.

ఒక్కటి సమజ్ కాలే. ఆమె కెమెరా దిక్కు చూస్తలేదు. పక్కకు, తలుపు దిక్కు చూస్తుంది. చెయ్యి కొంగు మీదికి పోతుంది, సగంల ఆగింది. ఎవరో వచ్చినట్టు. గని ఆ కండ్లల్ల కోపం లేదు. ఎవరి కోసమో చూస్తున్నట్టున్నయి. రాత్రి మీ అత్తను గూడ అడిగిన, ఆమె ఏం చెప్తలేదు, నవ్వుతుంది.

వృత్తి రహస్యం గంగల కలవనీ. ఏమన్నవు? నిజం చెప్పు.

జకరయ్య

*

మెదక్,
డిసెంబర్ 5.

మామా,

"నాయనమ్మా, మామ వచ్చిండు" అన్నాను.

అంతే. కళ్ళు తలుపు వైపు తెరుచుకున్నాయి, చెయ్యి కొంగు కోసం లేచింది. కొంగు తల మీదికి చేరేలోపు ఫ్లాష్ వెలిగింది. ఈ ఫ్లాష్ ఎంత వేగమో అట్ట పెట్టె మీద రాసి ఉంది గానీ, నాయనమ్మ కొంగు కంటే వేగమని రాసి లేదు. కంపెనీవాళ్ళు ఇప్పుడు రాసుకోవచ్చు.

తరువాత కొంగు సర్దుకుని, తలుపు వైపే చూస్తూ మెల్లగా అడిగింది. "ఏడి?"

"ఉత్తగనే అన్న నాయనమ్మా. ఫోటో కోసం."

గిచ్చింది మామా. సండే స్కూలు గిచ్చుడే, ఏళ్ళు గడిచినా పట్టు తగ్గలేదు. "పెద్దమనిషి పేరు మీద అబద్ధం ఆడ్తవా? ఆడినోనివి నువ్వే నిజం చెయ్యి" అంది. అప్పటినుంచి రోజూ రామాయంపేట బస్సు వచ్చే వేళకు కుర్చీ తలుపుకు ఎదురుగా జరుపుకుంటుంది. ఎందుకంటే గాలి కోసమట. డిసెంబర్‌లో.

ఆదివారం హాలులో ఫోటో మీద బట్ట తీస్తారు. మేకు ఎక్కడ కొట్టాలని నవోమి టీచర్ అడిగితే తలుపుకు ఎదుటి గోడ చూపించాను. ఇక లోపలికి ఎవరొచ్చినా నాయనమ్మ వాళ్ళను చూసినట్టే ఉంటుంది. ఆ రోజు ఫోటోలు తీయవలసినవాణ్ణి నేనే, ఫ్లాష్ పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. స్టాండు ఉంది కదా అంటారు. అది విరిగింది. ఇంకా విరగలేదు, మీ జవాబును బట్టి విరుగుతుంది.

మీ
గిడియోన్

*

రామాయంపేట,
డిసెంబర్ 9.

గిడియోనుకు,

స్టాండు విరగ్గొట్టకు, పైసలు పెట్టి కొన్నవు. మడిచి మూలకు పెట్టు.

ఆదివారం పొద్దున మొదటి బస్సుకు నేనూ మీ అత్త వస్తున్నం. మామ వచ్చిండు అని ఆమెకు నువ్వు చెప్పకు. నీ మాట ఇగ ఆ ఇంట్ల ఎవరు నమ్మరు. ఆమెనే చూడనీ.

ఫ్లాష్ నేను పట్టుకుంట. "మామా, జర పైకి లేపు" అని నువ్వు అనాలె.

జకరయ్య